కౌంటర్ వెనక ఒక స్టూలు

(విజయవాడలో బట్టల దుకాణాల ఉద్యోగుల సమావేశంలో ఒక వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. దొరక్క దొరికిన సెలవు రోజున ఇంటి పనులు పక్కనపెట్టి వచ్చారు, సంతోషం. గోడకు ఆనుకుని నిలబడ్డ అమ్మాయిలు కూడా ముందుకొచ్చి కూర్చోండమ్మా, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఇవాళైనా ఎవరూ నిలబడొద్దు. చెప్పులు విప్పి కాళ్లు చాపుకున్నా ఎవరూ ఏమీ అనరు.

పొద్దున షాపులో అడుగుపెట్టిన దగ్గర్నుంచి రాత్రి షట్టర్ దించేదాకా మీ ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పడానికి వచ్చాను. అందులో మీరు మీ అంతట మీరు సరిచేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. యజమాని చేస్తే తప్ప కుదరనివి కొన్ని ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపేసి "నీ ఆరోగ్యం నువ్వే చూసుకోవాలమ్మా" అని ఉద్యోగి నెత్తిన పెట్టడం నాకు నచ్చదు. పది గంటలు కూర్చోనివ్వకుండా నిలబెట్టి, ఆ తర్వాత ఎక్సర్‌సైజు చెయ్యమని సలహా ఇస్తే అది వైద్యం అవ్వదు.

మన వన్‌టౌన్‌లో పాత బట్టల కొట్లు మీలో చాలామంది చూసే ఉంటారు. తెల్ల దుప్పటి పరిచిన పరుపు, దాని మీద గుమాస్తా బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. కొనడానికి వచ్చినవాళ్లూ ఎదురుగా అదే పరుపు మీద కూర్చుంటారు. చీరలు మధ్యలో పరుస్తారు. బేరం గంటసేపు సాగినా ఎవరి కాళ్లూ లాగవు. చీరలు అమ్మడానికి నిలబడి తీరాలని ఎక్కడా లేదన్నమాట. షోరూములు వచ్చాక కౌంటర్లు వచ్చాయి, కస్టమర్‌కి స్టూలు వేశారు, అమ్మే అమ్మాయికి తీసేశారు. కూర్చుంటే బద్ధకంగా కనిపిస్తుందట, కస్టమర్‌కి మర్యాద ఇవ్వనట్టు ఉంటుందట. ఫ్లోర్‌లో ఒక్క కస్టమర్ కూడా లేని మధ్యాహ్నం మూడు గంటలప్పుడు ఎవరికి ఇస్తున్నాం ఆ మర్యాద? కెమెరాకా?

సరే, కాళ్ల దగ్గరికి వద్దాం. గుండె నుంచి రక్తం పాదాల వరకు దిగడం తేలిక. అక్కడి నుంచి పైకి రావడమే కష్టం. ఆ పని చేసేది మీ పిక్క కండరం. నడిచినప్పుడల్లా పిక్క బిగుసుకుని రక్తాన్ని పైకి నెడుతుంది, వదులైనప్పుడు కింద నుంచి మళ్లీ నిండుతుంది. అచ్చం వీధిలో చేతిపంపు కొట్టినట్టే. నెట్టిన రక్తం వెనక్కి జారకుండా నాళాల లోపల చిన్న చిన్న కవాటాలు ఉంటాయి. కదలకుండా నిలబడితే ఆ పంపు ఆగిపోతుంది. రక్తం కిందే నిలుస్తుంది, నాళాలు సాగుతాయి, సాగిన నాళంలో కవాటాలు మూసుకోలేవు. కొన్నేళ్లు ఇలా జరిగాక పిక్కల మీద నరాలు నీలంగా, మెలికలు తిరిగి ఉబ్బుతాయి. అవే వెరికోస్ వెయిన్స్. ఇంట్లో అమ్మకు ఉంటే, కాన్పులు అయి ఉంటే, బరువు ఎక్కువగా ఉంటే ఇంకాస్త త్వరగా వస్తాయి. అంతే తప్ప పదేళ్లు కౌంటర్ దగ్గర నిలబడటానికీ దీనికీ సంబంధం లేదని ఎవరైనా అంటే నమ్మకండి.

చూడటానికి బాగోలేదని బాధపడేవాళ్లు చాలామంది. నా దిగులు దాని గురించి కాదు. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పు బిగుతవడం, కాళ్లు బరువెక్కడం, రాత్రి పడుకున్నాక పిక్కలు పట్టేయడం, ఇవి మొదటి గుర్తులు. ఆ తర్వాత చీలమండ దగ్గర, ముఖ్యంగా లోపలి వైపు, చర్మం గోధుమరంగులోకి మారి దురద పెడుతుంది. అదీ పట్టించుకోకపోతే అక్కడ పుండు పడుతుంది. ఆ పుండు నెలల తరబడి మానదు. చర్మం రంగు మారిన దశలోనే డాక్టర్ దగ్గరికి వచ్చేయండి. ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోండి: రెండు కాళ్లూ సాయంత్రం కొద్దిగా వాచడం వేరు, ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, వేడిగా, నొప్పిగా ఉండటం వేరు. లోపలి నాళంలో రక్తం గడ్డ కడితే అలా అవుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణానికే ముప్పు. డ్యూటీ అయ్యాక చూద్దాంలే అనుకోకుండా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. ఆ కాలికి నూనె రాసి మర్దన చెయ్యొద్దు.

ఇది కాళ్లతో ఆగిపోయే సంగతి కూడా కాదు. కెనడాలోని ఒంటారియోలో ఏడు వేలమందికి పైగా ఉద్యోగులను పన్నెండేళ్లపాటు గమనించి 2017లో ఒక అధ్యయనం వెలువరించారు. ఎక్కువగా కూర్చుని పనిచేసేవాళ్లతో పోలిస్తే, ఎక్కువగా నిలబడి పనిచేసేవాళ్లకు గుండె జబ్బు ముప్పు సుమారు రెండు రెట్లు కనిపించింది. కూర్చుని చేసే ఉద్యోగాలు చెడ్డవని ఈమధ్య టీవీల్లో, ఫోన్లలో తెగ చెబుతున్నారు. ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు ఆ మాట నిజమే, వాళ్లు లేవాలి. మీరు కూర్చోవాలి. మనిషి శరీరానికి పడనిది ఒకే భంగిమలో గంటల తరబడి ఉండిపోవడం. కాసేపు కూర్చుని, కాసేపు నిలబడి, మధ్యలో నాలుగు అడుగులు వేస్తే ఒంటికి అదే మేలు.

మీ చేతిలో ఉన్నవి చెబుతాను. నిలబడ్డ చోటే మడమలు పైకెత్తి, మునివేళ్ల మీద నిలబడి, దించండి. గంటకోసారి ఇరవై సార్లు. కౌంటర్ పట్టుకుని చేస్తే ఎవరికీ కనిపించదు కూడా. చీర తియ్యడానికి పక్క ర్యాక్ దాకా వెళ్లాల్సివస్తే విసుక్కోకండి, ఆ నడక మీ కాళ్లకు మంచిది. కౌంటర్ కింద అరచెయ్యి ఎత్తున్న చెక్క పెట్టె ఒకటి ఉంచుకుని కాసేపు ఒక పాదం, కాసేపు ఇంకో పాదం దాని మీద పెడితే నడుము మీద భారం తగ్గుతుంది. నడుం నొప్పితో వచ్చేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. ఇంటికెళ్లాక వెల్లకిలా పడుకుని, కాళ్లు గోడకు ఆనించి పదిహేను నిమిషాలు పైకి పెట్టుకోండి. పాదాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి, చిన్న దిండు వేసుకుంటే చాలదు.

బిగుతు మేజోళ్ల గురించి చాలామంది అడుగుతారు. మోకాలి దాకా ఉండేవి బాగా పనిచేస్తాయి. పొద్దున మంచం దిగకముందే, వాపు రాకముందే తొడుక్కోవాలి. మధ్యాహ్నం కాళ్లు వాచాక వేసుకుంటే పెద్దగా ఉపయోగం లేదు. షుగర్ ఉన్నవాళ్లు, పాదాలకు రక్తం సరిగ్గా అందనివాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వాడొద్దు. ఇంక చెప్పులు. చాలా షోరూముల్లో స్టాఫ్ చెప్పులు బయటే వదిలి గ్రానైట్ నేల మీద ఒట్టి కాళ్లతో నిలబడాలి. పొద్దున లేచి మొదటి అడుగు వెయ్యగానే మడమలో మేకు దిగినట్టు నొప్పి వస్తోందా? చేతులెత్తండి... చూశారా, సగం మందికి పైనే ఉన్నారు. గట్టి నేల మీద ఒట్టి కాళ్లతో ఉండేవాళ్లకు ఇది మామూలు. చీరలు మురికి కాకూడదన్నది షాపువాళ్ల బాధ అయితే, లోపల మాత్రమే వేసుకునే మెత్తని చెప్పులు ఒక జత ఇవ్వమని అడగండి. కౌంటర్ వెనక రబ్బరు మ్యాట్ పరిచినా చాలా తేడా ఉంటుంది.

ఇప్పుడు నీళ్ల సంగతి. ఈ సభలో మగవాళ్లు కూడా ఉన్నారు, ఉండటమే మంచిది, వాళ్లూ వినాలి. మన అమ్మాయిలు డ్యూటీలో నీళ్లు తాగరు. దాహం లేక కాదు. తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి. బాత్రూమ్ నాలుగో ఫ్లోర్‌లో ఉంటుంది, లేదా సెల్లార్‌లో ఉంటుంది, తాళం సూపర్‌వైజర్ దగ్గర ఉంటుంది, లిఫ్ట్ కస్టమర్లకే. వెళ్లొస్తే "ఎంతసేపమ్మా?" అని అందరి ముందూ అడుగుతారు. ఈ అవమానం పడలేక పొద్దున ఒక గ్లాసు, భోజనంలో ఒక గ్లాసు, అంతటితో సరి. మూత్రం గంటల తరబడి ఆపుకుంటే అందులో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. ఆడవాళ్లకు మూత్రనాళం పొట్టిగా ఉంటుంది కాబట్టి ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా పైకి పాకుతుంది. మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి మొదలవుతాయి. మందుల షాపులో ఏదో మాత్ర అడిగి రెండు రోజులు వేసుకుని ఆపేస్తారు, నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. చలితో జ్వరం, నడుముకు ఒక పక్క నొప్పి, వాంతులు ఉంటే ఇన్‌ఫెక్షన్ కిడ్నీ దాకా పోయిందేమో అనుమానించాలి. గర్భిణికి అయితే అది బిడ్డకూ ప్రమాదమే.

రోజుకు ఎన్ని లీటర్లు అని లెక్క పెట్టుకోవడం కంటే మూత్రం రంగు చూసుకోండి. లేత పసుపు అయితే సరిపడా తాగుతున్నట్టు. ముదురు రంగులో వస్తోందంటే తక్కువైనట్టు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టర్ చెప్పిన కొలతే పాటించాలి. మూడు నాలుగు గంటలకోసారి బాత్రూమ్‌కి వెళ్లడం అనుమతి అడగాల్సిన విషయం కాదు. నెలసరి రోజుల్లో నాలుగు నుంచి ఆరు గంటలకోసారి ప్యాడ్ మార్చుకోవాలి, దానికి తలుపు గడియ పడే గది, నీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట కావాలి. ఇవి లేని షాపులో లక్ష రూపాయల పట్టుచీర అమ్ముతున్నారంటే నాకు కోపం వస్తుంది.

రక్తహీనత గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే "మధ్యాహ్నం అయ్యేసరికి కళ్లు తిరుగుతున్నాయి డాక్టరుగారూ" అనే మాట నేను వింటూనే ఉంటాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఒంట్లో రక్తం తక్కువ, ఉన్న రక్తం కాళ్లలో నిలిచిపోయింది, పొద్దున టిఫిన్ తినలేదు. ఇంక కళ్లు తిరక్క ఏమవుతుంది? తోటకూర, గోంగూర, రాగిజావ, బెల్లం, గుడ్డు, వీలుంటే మాంసం తినండి. నిమ్మకాయ పిండుకుని తింటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం అవగానే టీ తాగే అలవాటు మాత్రం మానండి, టీ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గంట తర్వాత తాగండి. కళ్లు తిరుగుతున్నట్టు అనిపిస్తే పరువు చూసుకోకుండా ఉన్నచోటే కింద కూర్చోండి. నిలబడి తట్టుకుందామని చూస్తే పడిపోయి తలకు దెబ్బ తగులుతుంది.

గోడౌన్‌లో, ప్యాకింగ్‌లో చేసే తమ్ముళ్లకు ఒక్క మాట. బేళ్లు ఎత్తేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్లు వంచండి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోండి. బరువైన కట్టలు నడుము ఎత్తు అరల్లో, తేలికవి పై అరల్లో పెట్టే పద్ధతి పెడితే సగం నడుం నొప్పులు రావు. పై అరలకు ప్లాస్టిక్ స్టూళ్లు ఎక్కకండి, నిచ్చెన అడగండి.

మంటల ప్రమాదం గురించి ఎక్కువ చెబుతాను, ఏమీ అనుకోకండి. బట్టల షాపు అంటేనే నేల నుంచి కప్పు దాకా కాలే సరుకు. చెన్నై టి.నగర్‌లో 2017 మే 31న ఒక పెద్ద బట్టల షోరూములో తెల్లవారుజామున మంటలు లేచాయి. ఒకరోజుకు పైగా కాలి భవనంలో కొంతభాగం కూలిపోయింది. షాపు తెరిచి జనం ఉన్న వేళ అదే జరిగి ఉంటే ఎలా ఉండేదో ఆలోచించండి. మనకు దగ్గర్లోనే, సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 2023 మార్చి 16 రాత్రి మంటలు లేచి ఆరుగురు ఉద్యోగులు చనిపోయారు. అందరూ ఇరవై దాటిన పిల్లలే, పల్లెల నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్లు. వాళ్ల ప్రాణాలు తీసింది పొగ. చాలా అగ్ని ప్రమాదాల్లో మంట చేరకముందే పొగ చంపేస్తుంది.

కాబట్టి రేపు డ్యూటీకి వెళ్లగానే మీ ఫ్లోర్ నుంచి కిందికి దిగే రెండో మెట్లదారి ఎక్కడుందో వెతకండి. కస్టమర్ల మెట్లు కాదు, రెండోది. దాన్ని ఒకసారి పైనుంచి కింద దాకా దిగి చూడండి. చాలా షాపుల్లో ఆ మెట్ల మీద అట్టపెట్టెలు, పాత బొమ్మలు, డిస్కౌంట్ బోర్డులు పేర్చి ఉంటాయి. కింద తలుపుకు తాళం ఉంటుంది, దొంగతనాలు జరుగుతాయని. సరుకు పోతుందని మనుషులను లోపల పెట్టి తాళం వెయ్యడం నేరం. మేనేజర్‌కి చెప్పండి, వినకపోతే అందరూ కలిసి రాసివ్వండి. పొగ కమ్మితే లిఫ్ట్ వైపు వెళ్లొద్దు. నేలకు దగ్గరగా గాలి కాస్త స్వచ్ఛంగా ఉంటుంది, వంగి గానీ పాకుతూ గానీ వెళ్లాలి. దాటిన ప్రతి తలుపునూ వెనక మూసేస్తే పొగ ఆలస్యంగా వస్తుంది. ట్రయల్ రూముల్లో, బాత్రూముల్లో ఎవరైనా ఉన్నారేమో ఎవరు చూడాలన్నది ముందే అనుకుని ఉంచుకోండి.

ఇక యజమాని చేయాల్సినవి. అడగడానికి భయం ఉంటుంది, నాకు తెలుసు. ఒక్కరే అడిగితే రేపటి నుంచి రావొద్దంటారు. అయినా కొందరు ఎలా అడిగారో చెబుతాను. బ్రిటన్‌లో 1899లోనే షాపుల్లో పనిచేసే ఆడవాళ్లకు ముగ్గురికి ఒక సీటు చొప్పున వెయ్యాలని చట్టం చేశారు. మన దేశంలో ఆ పోరాటం కేరళలోని కోళికోడ్‌లో, మిఠాయి తెరువు అనే బజారులో మొదలైంది. విజి అనే ఒక దర్జీ, అక్కడి షాపుల్లో పనిచేసే ఆడవాళ్లను కూడగట్టి 'పెణ్‌కూట్టు' అనే సంఘం పెట్టింది. వాళ్ల మొదటి కోరిక కుర్చీ కూడా కాదు, మరుగుదొడ్డి. తర్వాత త్రిస్సూర్‌లో ఒక బట్టల షాపు అమ్మాయిలు కూర్చునే హక్కు కోసం నెలల తరబడి సమ్మె చేశారు. చివరికి 2018లో కేరళ ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా, పని మధ్యలో వీలు చిక్కినప్పుడు కూర్చోవడానికి ఉద్యోగులందరికీ సీట్లు ఉండాలని చట్టంలో చేర్చింది. వీటి వెనక ఉన్నవాళ్లంతా మీలాంటివాళ్లే, మీ అంత జీతాల వాళ్లే.

మరి మనకు? 1948 ఫ్యాక్టరీల చట్టంలో నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 44వ సెక్షన్ చాలా ఏళ్లు చెబుతూ వచ్చింది. అయితే అది ఫ్యాక్టరీలకే ఉండేది. ఇప్పుడు దాని స్థానంలో, 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అనే కేంద్ర చట్టం 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. నిలబడి పనిచేయాల్సిన ఉద్యోగులకు కూర్చునే ఏర్పాట్లు ఉండాలని దాని 24వ సెక్షన్‌లో ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు అది వర్తిస్తుంది. మన పెద్ద షోరూముల్లో ఒక్కో ఫ్లోర్‌లోనే అంతమంది ఉంటారు. గర్భిణులకు ఇంకో రక్షణ పాతదే ఉంది. 1961 ప్రసూతి ప్రయోజన చట్టంలో ఉండేది, ఇప్పుడు 2020 సామాజిక భద్రత కోడ్‌లోకి వచ్చింది: కాన్పు తేదీకి ముందు ఆరు వారాలు లెక్కపెట్టి, దానికి ముందున్న ఒక నెలలో గర్భిణి కోరితే ఎక్కువసేపు నిలబడే పని చెప్పకూడదు. అడగాలి, రాసి అడగాలి, కాపీ దగ్గర పెట్టుకోవాలి. నా మట్టుకు నేను, ఆ ఒక్క నెలతో సరిపెట్టకుండా కడుపుతో ఉన్న అమ్మాయికి మొదటి నుంచీ బిల్లింగ్‌లో కూర్చునే పని ఇవ్వమని చెబుతాను.

ఈఎస్ఐ కార్డు లేనివాళ్లు ఎంతమంది? జీతం నెలకు 21,000 రూపాయల లోపు ఉండి, మీ షాపులో పదిమంది గానీ అంతకు మించి గానీ ఉంటే అది మీ హక్కు. మీ జీతంలో కోసేది 0.75 శాతం, యజమాని కట్టేది 3.25 శాతం. మీకూ, మీ మీద ఆధారపడ్డ కుటుంబానికీ వైద్యం అందుతుంది. జీతం స్లిప్పులో కోత పడుతోందో లేదో చూసుకోండి. కోత పడుతూ కార్డు రాకపోతే వెంటనే అడగాలి.

యజమానులు ఎవరైనా వింటుంటే వాళ్లకూ చెబుతున్నాను. ఒక్కో కౌంటర్‌కు ఒక స్టూలు పెట్టడానికయ్యే ఖర్చు మీరు అమ్మే ఒక మోస్తరు చీర ధర కంటే తక్కువ. కాళ్లు లాగుతున్న మనిషి రాత్రి ఎనిమిది గంటలకు పదిహేనో చీరను నవ్వుతూ చూపించగలదా?

ఆషాఢం సేల్ దగ్గర పడింది, దాని వెంటే శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతం. అంటే వరసగా రెండు నెలలు మీకు సెలవులూ ఉండవు, టైమ్‌కి భోజనమూ ఉండదు. అందుకే సేల్ మొదలవకముందే ప్రతి షాపు నుంచి పదిమంది సంతకాలతో ఒక కాగితం ఇవ్వండి. కౌంటర్‌కు ఒక స్టూలు, ప్రతి ఫ్లోర్‌లో తాగే నీళ్లు, బాత్రూమ్‌కి తాళం తీసెయ్యడం, రెండో మెట్లదారి ఖాళీ చేయించడం. ఈ నాలుగే రాయండి. మర్యాదగానే రాయండి, తేదీ వెయ్యండి. సంఘం వాళ్లు ఆ కాగితం నమూనా తెలుగులో తయారుచేసి ఆ బల్ల మీద పెట్టారు.

పక్క గదిలో హిమోగ్లోబిన్, బీపీ, షుగర్ పరీక్షలు చేస్తున్నారు, డబ్బులు అక్కర్లేదు. కాళ్ల మీద నరాలు ఉబ్బినవాళ్లు, చర్మం రంగు మారినవాళ్లు మొహమాటపడకుండా నాకు చూపించి వెళ్లండి. ముందు గర్భిణులు రండి, తర్వాత మిగతావాళ్లు. మీ వంతు వచ్చేదాకా లైన్లో నిలబడొద్దు, చీటీ తీసుకుని కూర్చోండి, పేరు పెట్టి పిలుస్తారు.